ఫ్రేములో వచ్చిన మనవలు

ఫొటో ఫ్రేము టింగుమంది. జానకీదేవి చపాతీ పిండి చేతులతోనే హాల్లోకి పరిగెత్తింది.

“ఏమండీ, అనీష్‌కి పన్ను ఊడింది!”

“ఎవడే ఆ అనీష్?” అన్నాడు అచ్యుతరావు ఐప్యాడ్‌లోంచి తలెత్తకుండా.

ఎవరో ఆవిడకీ తెలీదు. రెండు రోజుల క్రితం, తాముండే ఇర్వింగ్ ఊళ్ళోనే ఒక చర్చివాళ్ళు నడిపే పాత సామాన్ల కొట్లో ఈ డిజిటల్ ఫ్రేము చవగ్గా దొరికింది. ఇంటికి తెచ్చి వైఫై కలపగానే ఎవరివో ఫొటోలు వచ్చిపడటం మొదలైంది. పాతవి కావు, ఏ రోజువి ఆ రోజే. వర్ష అనే అమ్మాయి వాళ్ళమ్మకి పంపుతోంది. ఆమె పిల్లలు అనీష్, సాన్వి. ఫ్రేము చేతులు మారిందని పాపం ఆ అమ్మాయికి తెలీదు.

“పాత ఎలక్ట్రానిక్స్ కొనకే అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను! వాళ్ళవి మనకొస్తుంటే మనవి వాళ్ళకి పోవూ? ముందు రీసెట్ చేసెయ్.”

“రేపు చేస్తా. ఇవాళ సాన్వి డాన్స్ ప్రోగ్రాం ఉంది.”

ఆ రేపు రాలేదు. కొడుకు సిద్ధార్థ్ పెళ్ళి మాటెత్తితేనే ఫోన్ పెట్టేస్తాడు. ఇక మనవలెక్కడి నుంచి వస్తారు? వచ్చిన ప్రతి ఫొటోకీ జానకీదేవి ఫ్రేము మీదున్న హార్ట్ గుర్తు నొక్కేది. నాలుగో రోజుకి అచ్యుతరావు కూడా కుర్చీ ఫ్రేము వైపు తిప్పుకున్నాడు.

“జానకీ, త్వరగా రా! పిల్లికి డైపర్ కట్టారు వెధవలు!” అని పడీపడీ నవ్వి, ఈసారి హార్ట్ తనే నొక్కాడు.

రోజంతా టింగు టింగుమంటూ ఇల్లు పెళ్ళివారిల్లయిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం ఫొటోకి బదులు మెసేజ్ వచ్చింది. “అమ్మా! రెండేళ్ళలో ఒక్క హార్ట్ కొట్టనిదానివి, ఈ వారం అన్నిటికీ కొట్టావ్! పిల్లలు గంతులేస్తున్నారు. రేపు పొద్దున్నే వస్తున్నాం. నీ ఫ్రేము ముందు కూర్చుని అన్నీ మళ్ళీ చూద్దాం.”

జానకీదేవి మెసేజ్ రెండుసార్లు చదివింది.

“పెద్దావిడ పొరపాటున పాత సామాన్లలో కలిపేసి ఉంటుందండీ. పాపం, ఎంత వెతుక్కుంటోందో! రేపు కూతురొచ్చి ఫ్రేమేదంటే ఏం చెబుతుంది?”

“రీసెట్ చెయ్యమంటే విన్నావా? ఇప్పుడు మనం దొంగలమయ్యాం!”

“పిల్లికి హార్ట్ కొట్టిందెవరో?”

అచ్యుతరావు కారు తాళాలు అందుకున్నాడు. మొన్న “నీకు గిఫ్ట్ పంపాం” అంటూ వర్ష పెట్టిన పార్సిల్ ఫొటో మీద అడ్రసుంది. సుభద్రగారు, ఇర్వింగ్‌లోనే, పది నిమిషాల డ్రైవ్.

దారి పొడుగునా జానకీదేవి ఫ్రేముని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. వారం రోజులకే ఇంత బెంగేమిటో ఆవిడకే అర్థం కాలేదు.

తలుపు తీసినావిడకి డెబ్భై ఏళ్ళుంటాయి. కాళ్ళకి స్పోర్ట్స్ షూస్, చేతిలో టీ కప్పు.

“సుభద్రగారేనాండీ? మీ ఫ్రేము మా చేతికొచ్చిందండీ. హార్టులు నొక్కింది మేమే. తప్పయిపోయింది. రేపు మీ అమ్మాయి వస్తోంది, అందుకని…” గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది జానకీదేవి.

సుభద్ర ఫ్రేము వంక చూసింది. వీధి అటూ ఇటూ చూసింది. ఇద్దర్నీ గబుక్కున లోపలికి లాగి తలుపేసింది.

“రేపు సాయంత్రం వాళ్ళు వెళ్ళగానే వచ్చి దీన్ని మళ్ళీ పట్టుకుపోండి. మీకు పుణ్యముంటుంది.”

“అదేంటండీ! పొరపాటున పోయిందనుకుని మేమెంత కంగారు పడ్డామో…”

ఆవిడ గొంతు బాగా తగ్గించింది.

“ఆ టింగు టింగు భరించలేక నేను వదిలించుకున్న మూడో ఫ్రేమండీ అది!”