సీసా అడుగున

"పొందూరు తువ్వాలుకే తుడవాలా ఆ జిడ్డు చేతులు?" ఝాన్సీ గుమ్మంలోనే మొగుణ్ణి నిలదీసింది.

"ఎదురుగా కనబడింది, తుడిసినాను. తుడుసుకోడానికి కాపోతే తువ్వాలెందుకు, పటం కట్టించుకోడానికా?" అన్నాడు రమేష్‌బాబు.

"పాత గుడ్డలు గంపెడున్నాయి బావా, ఆ కిటికీలోనే."

"లారీ నడిరోడ్డు మీద ఆగిపోయి, ఇంకో బండికి కట్టి లాక్కొస్తే నీకు తువ్వాలు గోలా!"

ఇంటిల్లిపాదికీ ఆధారం ఆ ఒక్క లారీయే. బియ్యం దింపి వస్తూ చిలకపాలెం దగ్గర ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇప్పుడు వాకిట్లో ఉంది.

డ్రైవరు సీమోను మెట్ల దగ్గరికి వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి. పనిలో చేరి మూడు వారాలు దాటింది.

"అమ్మా, గాజుసీసా ఒకటుంటే ఇయ్యండి. లోపలున్నది కనబడాల."

ఝాన్సీ ఖాళీ తేనెసీసా ఇచ్చింది. అతను డీజిల్ ట్యాంకు అడుగున బిరడా వదులు చేసి, సీసా నింపి మెట్టు మీద పెట్టాడు.

కాసేపటికి సీసాలో గీత గీసినట్టు రెండు పొరలు తేలాయి. పైన పసుప్పచ్చగా డీజిల్. అడుగున నీళ్లు.

"అదీ సంగతి బాబూ. నీళ్లు బరువు కదా, అడుక్కి దిగిపోతాయి. ఇంజనుకి డీజిల్ బదులు నీళ్లెక్కినాయి."

రమేష్‌బాబు మొహం మారిపోయింది.

"ట్యాంకు తాళం తీసేది నువ్వు. అందులోకి నీళ్లెలాగొస్తాయి? డీజిల్ అమ్ముకుని నీళ్లు పోసినావా?"

"యేసయ్య తోడు బాబూ, నేను కాదు."

"మరి నేను పోసినానా?"

"ముప్పై ఏళ్లు స్టీరింగు పట్టినాను. ఒక్కడు ఒక్క మాట అన్లేదు. ఎవరు పోసినారో తేలేదాకా ఇక్కణ్ణుంచి కదల్ను!"

"ముందు బండి బాగుచెయ్యి. తాళాలిచ్చి, అప్పుడెల్లు."

సీమోను ట్యాంకు దింపాడు. కడిగి, ఎండలో ఆరబెట్టాడు. కొత్త ఫిల్టరు వేశాడు. చేతులు పని చేస్తున్నంతసేపూ నోరు గొణుగుతూనే ఉంది. "దొంగన్నారు నన్ను! లారీ స్టాండులో పదిమందినీ పిలిసి పెద్దల్లో పెడతాను."

అత్త తాయారు పెరట్లోంచి వచ్చి అతనికి టీ పట్టుకెళ్లింది. లారీ పక్కన నిలబడి ఏదో అడుగుతోంది. ఝాన్సీ కిటికీలోంచి చూసింది. సీమోను గ్లాసు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు. తర్వాత నవ్వి, ఆవిడతో మెల్లగా రెండు మాటలు అన్నాడు.

అంతే, ఆ తర్వాత గొణుగుడు లేదు. ఇంజను పక్కనున్న చేతిపంపు కొట్టి డీజిల్ గొట్టాల్లో గాలి తీశాడు. ఇంజను నాలుగుసార్లు దగ్గి అందుకుంది. తాళాలు మెట్టు మీద పెట్టి చెప్పులేసుకున్నాడు.

"తేలేదాకా కదలనన్నావు?" అన్నాడు రమేష్‌బాబు.

"తేల్చడానికేముంది బాబూ. వస్తాను."

"సూసినావా ఝాన్సీ? తప్పు చేసినోడు గనకే నోరు పడిపోయింది."

ఆ సాయంత్రమే రమేష్‌బాబు స్టాండుకి వెళ్లి, సీమోను డీజిల్ దొంగని అందరికీ చెప్పి వచ్చాడు. ఇంకెవరూ సీమోనుకి బండి ఇవ్వలేదు. మిల్లులో బస్తాలు మోస్తున్నాడని కబురు తెలిసింది.

ఆదివారం మధ్యాహ్నం అరసవల్లి గుడి నుంచి వచ్చిన తాయారు, కంచాల ముందు కూర్చున్న కొడుక్కీ కోడలికీ తీర్థం ఇచ్చి తనూ కూర్చుంది.

"బండి మీద కూడా సల్లినానురా. ఇకమీదట సల్లడమే. లోపల పొయ్యను."

రమేష్‌బాబు తలెత్తాడు. "లోపలంటే?"

"డీజిల్ పోసే కాడ. ఆదివారం నువ్వు పడుకుంటావు, సీమోను చర్చికెల్తాడు. తాళాలు మేకుకే ఉంటాయి గదా. బండి సల్లగుండాలని వారం వారం ఒక సీసా పోసినాను."

కలిపిన ముద్ద అతని చేతిలోనే ఉండిపోయింది.

"ట్యాంకులో నీళ్లున్నాయని అంత గొడవైంది కదత్తా, చెప్పలేదేం?" అంది ఝాన్సీ.

"నీళ్లన్నారు. తీర్థం నీళ్లెందుకవుతాదే?"

"సీమోనుకి తెలుసా?"

"టీ ఇచ్చినప్పుడు అడిగినాను గదా. ఇంత తీర్థం పోసినా బండెందుకాగింది నాయనా అని. పైన సల్లితే సాలమ్మా, దేవుడికి అందుతాది, లోపల పొయ్యకు అన్నాడు. మంచోడురా. పనెందుకు మానిపించినావో గాని."

రమేష్‌బాబు ముద్ద తిరిగి కంచంలో పెట్టాడు.

"తినగానే స్టాండుకెల్తన్నాను," అన్నాడు రమేష్‌బాబు. "అందరి ముందూ సెప్పి, అక్కణ్ణుంచి మిల్లుకి."

"ఏమని చెప్తావు బావా?" అంది ఝాన్సీ.

అతను తల్లి కంచంలో పెరుగు వడ్డించాడు.

"నీళ్లు నేనే పోసినానని. బస్తాలైనా మోసినాడు గాని, ఆ మనిషి అమ్మ పేరు బయటికి రానీలేదు."