ఆచార్యులవారి అసలు వయసు

పదవీ విరమణకు వారం ముందు, జపానులోని కిసో నదీతీరాన ఉన్న మా కోతుల పరిశోధనాలయంలో కురామోచి ఆచార్యులవారు తన చర్మపు తునకనొకదానిని ముసలి కోతుల నమూనాల నడుమ రహస్యంగా చేర్చారు. కణజాలాన్ని బట్టి వయసు చెప్పే యంత్రం ఇరవై రెండేళ్లని తీర్పిచ్చింది.

ఆయన తన ఒకనాటి శిష్యురాలూ, పరిశోధనాలయానికి నేటి సంచాలకురాలూ అయిన మిహోకో గదిలోకి పట్టాభిషిక్తుడిలా ప్రవేశించారు.

“చూశావా అమ్మాయ్! ఇరవై రెండు! ఈ పసివాణ్నా నువ్వు ఇంటికి పంపేది?”

“అది కోతుల లెక్క గురువుగారూ! మనిషికైతే మూడింతలు చెయ్యాలని నేర్పింది మీరే కదండీ. అంటే అరవై ఆరు. మీకింకా అరవై అయిదే!”

ఆచార్యులవారి ముఖం గ్రహణం పట్టిన చంద్రబింబమైంది. మెల్లగా అడిగారు.

“మన కోతులకు పదవీ విరమణ ఉందా?”

“లేదండీ. ప్రాణమున్నంత కాలం ఇక్కడే.”

“మరింకేం! యంత్రం నన్ను వాటిలోనే కలిపింది. అక్కడే ఉండనియ్యి.”

మిహోకో నవ్వు బిగబట్టింది. “సరేనండీ. కానీ గుంపులో కొత్తగా చేరినవాళ్లు ముందు పెద్ద ఆడకోతికి పేలు చూడాలి.”

ఆచార్యులవారు జేబులోని విజిటింగ్ కార్డు తీసి, జపాను మర్యాద ప్రకారం రెండు చేతులా భక్తిగా పట్టుకున్నారు.

“ఆవిడగారు ఎక్కడుంటారు?”