పండిన పురుగు

నాలుగో తరగతి గాజుపెట్టెలో ఐదు గొంగళిపురుగులు ఉండాలి. శుక్రవారం మూడే ఉన్నాయి.

సోమవారానికి ఒక్కటీ లేదు. కొరికిన నిమ్మరెమ్మ మాత్రం మిగిలింది.

సైన్సు టీచరు చూపు తిన్నగా గది ఊడుస్తున్న ఆయా మీదికి వెళ్ళింది. ఆమె పనిలో చేరి మూడు వారాలైంది. నెల గడిస్తే గాని ఉద్యోగం ఖాయం కాదు.

“ఎక్కడ పారేశావు?”

“పారేయలేదు టీచరమ్మా. పండాయి, వెళ్ళిపోయాయి.”

“పురుగులేమైనా అరటికాయలా, పండడానికి?”

పిల్లలు పడీపడీ నవ్వారు. ఆయా కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

“మేత మానేసి, తలెత్తి అటూ ఇటూ చూస్తే పండినట్టేనమ్మా. ఇక చోటు వెతుక్కుంటాయి. మూత వారగా ఉంది, పాకిపోయాయి. కిటికీ కింద గోడకున్నాయి, చూడండి.”

టీచరు వంగి చూసింది. బూజు, దుమ్ము, వాటి మధ్య ఐదు ఎండుటాకు తునకలు.

“ఇవా? గూడంటే దారం చుట్టుకుని కోడిగుడ్డులా ఉంటుంది. పుస్తకంలో బొమ్మ చూడు.”

“నేనూ అట్లాగే అనుకున్నానమ్మా. ఇవి ఆ జాతి కావేమో. నడుముకు ఒక్క పోగు బిగించుకుని ఊరుకున్నాయి. పొద్దున ఒకటి కదిలింది.”

“నాకు పాఠం చెప్పకు ఆయమ్మా. ముందు ఆ బూజు దులుపు. గురువారం తనిఖీ ఉంది.”

“మిగతా గోడలన్నీ అద్దంలా చేస్తాను. ఆ మూరెడు చోటు వదిలేయండి. పది పన్నెండు రోజులే.”

గురువారం వచ్చిన అధికారి ఆ మూరెడు చోటే చూశాడు. హెడ్‌మిస్ట్రెస్ టీచరును నిలదీసింది. టీచరు ఆయాను చూపించింది.

పని ఎగ్గొడుతుంది, ఎదురు చెబుతుంది, పిల్లల పురుగులను పారేసింది. మూడు నేరాలు మోపారు. ఆయాను ఎవరూ ఏమీ అడగలేదు. విచారణ లేదు, తీర్పు మాత్రం సాయంత్రంలోగా వెలువడింది.

ఆయా వాదించలేదు. చీపురు మూలకు ఆనించి, టీచరు దగ్గరికి వచ్చింది.

“ఒక్క మాటమ్మా. అవి ఎగిరే రోజున కబురు పెడతారా? వరండాలో నిలబడి చూస్తాను. లోపలికి రాను.”

“పనిలో లేనివాళ్ళను గేటు దాటనివ్వరు ఆయమ్మా. ఇక్కడ నా మాటా చెల్లదు.”

“అవునులెండి,” అంది ఆయా. వెళ్ళిపోయింది.

కొత్త ఆయా దొరకలేదు. ఆ గోడ దులిపే దిక్కే లేకపోయింది.

మంగళవారం సైన్సు పీరియడ్‌లో చివరి బెంచీ పాప లేచి నిలబడింది.

“టీచర్, ఎండుటాకు పగిలింది.”

తరగతి తరగతంతా కిటికీ కింద మోకరిల్లింది. నలిగిన గుడ్డపేలికలాంటి తడి రెక్కలు మెల్లమెల్లగా విచ్చుకున్నాయి. నలుపు మీద పసుపు చుక్కలు. గంట సేపు ఎవరూ ఊపిరి గట్టిగా తీయలేదు. అది లేచి, పిల్లల తలల మీదుగా ఒక చుట్టు తిరిగి, కిటికీలోంచి వెళ్ళిపోయింది.

ఇంకా నాలుగు మిగిలి ఉన్నాయి. టీచరు ఆఫీసుకు పరుగెత్తింది.

“ఆయమ్మ చిరునామా ఇవ్వండి. నేనే వెళ్ళి తీసుకొస్తాను. గేటు దగ్గర ఎవరాపుతారో చూస్తాను.”

ఆమె వెళ్ళేసరికి ఆయా గదికి తాళం ఉంది. ఖాళీ చేసి నాలుగు రోజులైందన్నారు పక్కింటివారు. ఏ ఊరు వెళ్ళిందో ఎవరికీ చెప్పలేదట.

వారం చివరికి ఐదోదీ ఎగిరిపోయింది.

“ఇంకే చిరునామా అయినా ఉందేమో చూడండి,” అని టీచరు మళ్ళీ గుమాస్తాను బతిమాలింది.

అతడు దరఖాస్తు తిరగేసి, ‘మునుపటి పని’ అన్నచోట వేలు పెట్టి, ఆమె వైపు జరిపాడు.

పట్టుదారం తీసే మిల్లులో ముప్పై రెండేళ్ళపాటు, లోపల ప్రాణం ఉండగానే గూళ్ళను మరిగే నీళ్ళలో వేసిన మనిషి ఆమె; వాటిలో ఒక్కటైనా ఎగరడం ఏనాడూ చూసి ఎరుగదు.