లోటా పట్టుకుపోయినవాడు

"కాఫీ చల్లారిపోతా ఉండాది నాయనా," అంది ఉదయలక్ష్మి.

"బండే రాలేదు, నీకు కాఫీ గోలేంది. ఏ పెట్టె అన్నారు వాళ్ళు?"

"ఇంజన్ నుంచి మూడో పెట్టె, మొదటి కిటికీ. వరదమ్మత్త పొద్దున ఫోన్ చేసి చెప్పింది."

ఆదికేశవులు పట్టుచొక్కా సర్దుకుని ప్లాట్‌ఫారం మీద మూడో పెట్టె ఎక్కడ ఆగుతుందో లెక్క వేసుకున్నాడు. రోజూ తన క్యాంటీన్ ముందు ఆగే బండే. అయినా రెండుసార్లు లెక్క చూసుకున్నాడు. సగం ఊరు ఆయన వెనక నిలబడి ఉంది.

రైలు కిటికీలో పెళ్ళిచూపులు నీళ్లమిట్ట వాళ్ళకు వింత కాదు. ఆ ఊరు పుట్టిందే బండి ఆగినందుకు. బొగ్గు ఇంజన్ల కాలంలో ఇంజన్ ఇక్కడ నీళ్లు పట్టుకునేది. ఆ లోపు ప్రయాణికులు కాఫీ తాగేవారు. కాఫీ కాచినవాళ్ళు పట్టాల పక్కన ఇళ్ళు కట్టుకుంటే ఊరయింది. ఇప్పుడు ఇంజన్‌కు నీళ్ల పని లేదు గానీ, ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికి ప్యాసింజరు ఇక్కడే పక్కకు తప్పుకుని నిలబడుతుంది. ఊళ్ళో దాన్ని క్రాసింగ్ అంటారు.

వెనకటికి ఒక పెళ్ళికొడుకు కాఫీ తాగుతుండగానే బండి కదిలింది. ఇత్తడి లోటా తిరిగివ్వడానికి వచ్చినవాడు పిల్లను చేసుకుని వెళ్ళాడు. అప్పటినుంచీ అదే ఆచారం. ఖాళీ లోటా తిరిగిస్తే సంబంధం వద్దని, లోటా పట్టుకుపోతే ఖాయమని. ఆ ఆచారాన్ని ఆదికేశవులు అంత గట్టిగా పట్టుకున్నవాడు మరొకడు లేడు. స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ చెంగయ్య కూతురి లోటా తీసుకుపోయి మనసు మార్చుకోబోయిన అల్లుడికి నచ్చజెప్పి, పెళ్ళి చేయించింది ఆయనే.

ప్రేమపెళ్ళి అనే మాట మాత్రం ఆయన ముందు ఎత్తకూడదు. బ్యాంకులో పనిచేసే సునీల్‌కుమార్ సంబంధం కోసం ఏడాదిగా తిరిగాడు. చివరికి అబ్బాయి తల్లి వరదమ్మ, కొండకు పోతూ బండిలోంచే పిల్లను చూస్తామంది. ఫొటో పంపితే దిష్టి తగులుతుందని అబ్బాయి ఫొటో కూడా పంపలేదు. ఈ క్రాసింగ్ తప్పితే ఆ సంబంధం మళ్ళీ దొరకదు.

బండి వచ్చింది. అందరూ పరుగెత్తారు. మూడో పెట్టె మొదటి కిటికీలో ఒక కుర్రాడు, పక్కన ఒక పెద్దావిడ.

ఉదయలక్ష్మి లోటా అందించింది. "కాఫీ తీసుకోండి."

కుర్రాడు ఆమెనూ, వెనకున్న జనాన్నీ చూశాడు. "నాకా?"

"ఇంకెవురికప్పా," అని మురిసిపోయాడు ఆదికేశవులు. "సిగ్గుపడతా ఉండాడు."

"ఆ గంపలో ఏముండాయి?" అంది పెద్దావిడ.

"వడలక్కా, మీకోసమే."

ఆమె గంప ఒళ్ళో పెట్టుకుంది.

"బిడ్డ ఎట్లుండాది అక్కా?"

"బంగారు మాదిరి ఉండాది. చెట్నీ తేలేదా?"

ఎక్స్‌ప్రెస్ దూసుకుపోయింది. ప్యాసింజరు కూత వేసింది. కుర్రాడు కంగారుగా లోటా బయటికి చాపాడు. ఆదికేశవులు రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"సగం అట్లే ఉండాది, తాగప్పా. నీ దగ్గిరే పెట్టుకో."

లోటాతో సహా బండి వెళ్ళిపోయింది. ప్లాట్‌ఫారం మీద ఈలలు. ఆదికేశవులు అందరి నోళ్ళలో చక్కెర పోస్తుండగా ఫోన్ మోగింది.

"ఏమన్నా, ఇదేనా మీ మర్యాద?" అంది వరదమ్మ. "మా పెట్టె కాడికి ఒక్క మనిషి రాలేదే."

"ఇప్పుడే కదక్కా వడలు తింటిరి?"

"ఎవురు తిన్నారు వడలు?"

చెంగయ్య తల గోక్కున్నాడు. "జంక్షన్‌లో ఇంజన్ ఆ కొస నుంచి ఈ కొసకు మారుస్తారబ్బా. వాళ్ళెక్కినప్పుడు ముందు నుంచి మూడో పెట్టె. ఈడికొచ్చేసరికి వెనక నుంచి మూడోది."

"ముందే చెప్పకూడదా?"

"పట్టుచొక్కా ఏసుకున్నాక నువ్వు నాతో మాట్లాడితివా?"

ఊరందరి ముందూ ఎవరికో కాఫీ ఇచ్చిన పిల్ల తమకు వద్దని వరదమ్మ ఫోన్ పెట్టేసింది. ఆదికేశవులు బెంచీ మీద కూలబడ్డాడు.

మధ్యాహ్నం ఒక బైకు వచ్చి క్యాంటీన్ ముందు ఆగింది. ఆ కుర్రాడే. కాగితంలో చుట్టిన లోటా బల్లమీద పెట్టబోయాడు.

"ఇస్తానంటే మీరు తీసుకోలేదు. తర్వాత స్టేషన్లో దిగి, తెలిసినోళ్ళ బండేసుకుని వచ్చినాను."

ఆదికేశవులు ఆత్రంగా చెయ్యి చాపాడు. చెంగయ్య అడ్డం నిలబడ్డాడు.

"నా అల్లుడికి ఏం చెప్పినావు నువ్వు? లోటా పోయిందంటే పిల్ల పోయినట్టే అంటివి. నీ బిడ్డకు ఇంకో న్యాయమా? అదీ, ఆ పిల్లోడు ఇస్తానన్నా చేతులు కట్టుకుంటివి. అందురూ సూసినారు."

జనం అవునన్నారు. ఆదికేశవులు కుర్రాడి వైపు తిరిగాడు.

"ఎవురప్పా నువ్వు?"

"గోపీ. మాది నగరి. మగ్గాలుండాయి."

"పెళ్ళయిందా?"

"లేదు. కాఫీ తాగినందుకు పెళ్ళేంది పెద్దాయనా?"

"మా ఊరి మర్యాద అట్లాంటిది. కాదనబాక," ఆదికేశవులు బతిమాలాడు. కట్నం మాటే ఎవరూ ఎత్తలేదన్నాడు గోపీ, నగరిలో ఉన్న అమ్మను అడగాలన్నాడు, ఆలోచించుకుంటానన్నాడు, బైకు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. "ముందు ఆ అమ్మాయికి ఇష్టమో కాదో అడిగినారా?"

అందరూ ఉదయలక్ష్మి వైపు తిరిగారు. రోజూ అదే బండెక్కి తిరుపతికి ఉద్యోగానికి పోయే పిల్ల, ఆరోజు నేల చూపులు చూస్తూ నిలబడింది.

"నువ్వు ఎట్లంటే అట్లే నాయనా."

ఆదికేశవులు కళ్ళు తుడుచుకున్నాడు. "సూడండబ్బా, నేను సూపించినోడినే చేసుకుంటాది నా బిడ్డ." గోపీ ఇక కాదనలేకపోయాడు. మిగిలిన చక్కెరంతా మళ్ళీ పంచారు.

సందడి సద్దుమణిగాక ఉదయలక్ష్మి క్యాంటీన్ వెనక్కి వెళ్ళి, ఫోన్ చెవికి ఆనించుకుని నెమ్మదిగా అంది.

"బాగనే చేసినావు గానీ గోపీ, కొంచెం ఎక్కువ చేసినావు."