కంటైనర్‌లో ఇంకొకరు

బేగంపేట ఆఫీసులో రాత్రి ఏడు దాటితే ఏసీ ఆపేస్తారు. పని మాత్రం ఆపరు. రమణబాబు చొక్కా పైబొత్తాలు విప్పుకుని, అర్ధరాత్రి ఒంటరిగా కూర్చున్నాడు. సీతాఫల్‌మండిలో ఒకే ఇంటిని నాలుగు పోర్షన్లు చేసి అద్దెకిచ్చినట్టు, ఒకే సర్వర్‌ను భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక కంటైనర్. అలాంటి ఒకదానిలో పాత ఆపరేటింగ్ సిస్టమ్ తీసి కొత్తది ఎక్కించాలి.

మేనేజరు ఫోన్ చేశాడు. “బ్యాకప్ తీసినవా?”

“తీశానండీ.”

తీయలేదు. తీస్తే ఇంకో రెండు గంటలు చెమట.

అప్‌గ్రేడ్ పూర్తయింది. లోపల ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారో చూశాడు. రెండు పేర్లున్నాయి. ఒకటి తనది. రెండోది బిక్షం.

పోయిన నెల బ్యాకప్ లేక ఒక కస్టమరు ఫైళ్లన్నీ పోయాయి. తప్పు రమణబాబుది. అతను చెప్పింది బిక్షం పేరు. బిక్షం ఉద్యోగం పోయింది. అతని అకౌంటును రమణబాబే తన చేత్తో తీసేశాడు. ఆ రోజు మధ్యాహ్నం కూడా బిక్షం అన్నం డబ్బాలోంచి చింతకాయ పచ్చడి అడిగి వేయించుకున్నాడు.

తెర మీద ఒక్కో అక్షరమే పడింది.

“రమణన్నా, గీసారి ఎవరి పేరు చెప్తవ్?”

చీకట్లో చివరి వరుస నుంచి కీబోర్డు టకటక వినిపించి ఆగింది. అక్కడ ఒకప్పుడు బిక్షం కూర్చున్న కుర్చీ ఖాళీగా ఉంది.

‘సారీ’ అని కొట్టాడు. సిగ్గేసి చెరిపేశాడు. ‘నాదే తప్పు’ అని సగం కొట్టి, మేనేజరు చూస్తాడేమోనని అదీ చెరిపేశాడు.

అయ్యా, అమ్మా, చదువుతున్న మీరైనా చెప్పండి, ఏం కొట్టమంటారు? కాస్త త్వరగా చెప్పండి. టకటక మళ్లీ మొదలైంది, ఈసారి పక్క బల్ల మీద.