మల్లవ్వకు సీటు

ఆ రోజు పదకొండింటికి రాజమల్లు చేతిలో ఉన్నవి ఇవి: ఒక పాత బుల్లెట్ బండి, ఆసుపత్రి మంచం చట్రం, మంగలి కుర్చీకి తల ఆనించే ముక్క, సమ్మెలో మూతపడ్డ మిల్లు నుంచి తూకానికి కొన్న మగ్గం స్ప్రింగులు, ఐదు గంటల సమయం.

ఇవన్నీ కలిపి బండికి ఒక సీటు చేయించాలి. దాని మీద మల్లవ్వను కూర్చోబెట్టి నాలుగింటిలోగా గిర్గావ్ చేరాలి. చేరకపోతే గది పోతుంది.

మల్లవ్వ అతనికి పెద్దవ్వ, అమ్మకు అక్క. పిల్లల్లేరు. కామాటిపుర పదకొండో గల్లీలో, రెండో అంతస్తు గది ఆమె పేరు మీద ఉంది. పక్షవాతంతో కాళ్లూ చేతులూ మాటా పడిపోయాక నాలుగేళ్లు రాజమల్లే గంజి తాగించాడు, బట్టలు మార్చాడు. ఊరికే కాదు. గది తన పేరు మీదికి వస్తుందని.

ఆ అద్దె గదుల చాల్ మర్నాటి నుంచి కొత్త యజమానిది. పాత యజమాని పుస్తకంలో పేరు మార్చుకోవడానికి నెల రోజులు గడువిచ్చారు. మల్లవ్వ స్వయంగా గిర్గావ్ ఆఫీసుకు వచ్చి వేలిముద్ర వేయాలి. గుమాస్తా శంకర్రావు ఎవరి ఇంటికీ పోడు. తన పాత ఇనుము వ్యాపారంలో ధర పెరిగే రోజు కోసం ఆగినట్టే రాజమల్లు దీనికీ ఆగాడు. ఆగి ఆగి చివరి రోజుకు వచ్చాడు.

గదికి తాళం వేసి, సామానంతా తోపుడు బండి మీద వేయించి, బుల్లెట్‌తో పాటు నాగ్‌పాడాలో వెల్డింగు చేసే నర్సింహులు దగ్గరికి చేర్చాడు.

"ఇంత గోసెందుకు తమ్మీ, టాక్సీ పెట్టుకోరాదు?" అన్నాడు నర్సింహులు.

"మూసిన బండిల ఆమెకు వాంతులైతయి అన్నా."

ఆడమనిషి గనుక సీటు పక్కకు తిరిగి ఉండాలన్నాడు రాజమల్లు. మంచం చట్రాన్ని కోసి వెనక ఆనుకోవడానికి నిలబెట్టారు. కింద రెండు గొట్టాలు పాదాలకు. నడుముకు మిల్లు తోలు పట్టా. మంగలి కుర్చీ ముక్కను మాత్రం స్ప్రింగు మీద నిలపాలని పట్టుబట్టాడు. గుంతల్లో పెద్దవ్వ మెడకు దెబ్బ తగలకూడదట.

నర్సింహులుకు ముచ్చటేసింది. తన దగ్గరున్న స్పంజి ముక్క తెచ్చాడు.

"ఉత్త ఇనుము. ముసల్దానికి గుచ్చుకుంటది. ఇది ఎయ్యనీ."

"అక్కెర లేదు."

"మెడ మీదున్న పాణం నడుము మీద లేదారా నీకు?"

టైము లేదన్నాడు రాజమల్లు. వెల్డింగు వేడి పూర్తిగా చల్లారకముందే బండి తీశాడు.

చాల్ కింద నలుగురూ సీటు చుట్టూ మూగి తడిమి చూశారు. పక్క గది రత్నాబాయి సాయం పడతానంది. అతను వద్దని, మల్లవ్వను భుజాన వేసుకుని ఒక్కడే మెట్లు దించాడు. నడుముకు పట్టా బిగించాడు. తలను సైకిల్ ట్యూబుతో వెనక్కి కట్టి, పైనుంచి కొంగు కప్పాడు.

"కడుపున పుట్టినోళ్లు గూడ ఇంత చెయ్యరు, రాజమల్లూ" అని రత్నాబాయి కళ్లు తుడుచుకుంది.

గిర్గావ్ చేరేసరికి నాలుగుకు పది నిమిషాలు తక్కువ. శంకర్రావు విసుక్కుంటూ పుస్తకం పట్టుకుని మెట్లు దిగాడు. బండి ఆపమన్నాడు. ఆపితే మళ్లీ చాలూ కాదన్నాడు రాజమల్లు.

"కండ్లు తెరవదేంది?"

"ఆమెకు ఎండ పడ్తలేదు సార్."

రాజమల్లు పెద్దవ్వ బొటనవేలు పట్టుకుని సిరా అద్దబోయాడు. గుమాస్తా పుస్తకం వెనక్కి లాక్కున్నాడు. మంచాన పడ్డవాళ్ల వేళ్లు బంధువులు బలవంతంగా అద్దించడం అతను చాలా చూశాడు.

"వేలు ఎవడైనా అద్దుతడు. ఆమె ఒప్పుకోవాలె." బండి దగ్గరికి వంగి గట్టిగా అడిగాడు. "మల్లవ్వా, నీ ఖోలీ ఈనకు ఇస్తున్నవా? ఇస్తే తల ఊపు."

రాజమల్లు కుడిచేత్తో యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పాడు. బండి కింది నుంచి పైదాకా వణికింది. కొంగు కింద మల్లవ్వ తల ఊగింది. ఒకసారి, రెండోసారి, ఆ పైన ఆగకుండా.

"సాలు, సాలు" అన్నాడు శంకర్రావు. "సమజైంది."

వేలిముద్ర పడింది. పేరు మారింది. ముద్ర కొట్టిన రసీదు మడిచి రాజమల్లు జేబులో పెట్టుకున్నాడు.

ఐదింటికి మల్లవ్వను మళ్లీ రెండంతస్తులు మోసుకుపోయి చాప మీద పడుకోబెట్టాడు. నాలుగేళ్ల గంజికి, ఒక్క పూట ఇనుముకు పదడుగుల గది వచ్చింది.

ఇక రాజమల్లుకు మిగిలిన పనల్లా తలుపు తీసి, పొద్దున చాయ్ వేళకే ప్రాణం పోయిన మల్లవ్వ కోసం చాల్ అంతా వినబడేలా ఏడవడం.