జిప్సం పట్టీ

నజాత్ కూరల సంచితో లోపలికి వచ్చేసరికి భర్త షౌకీ స్టూలెక్కి గోడకు జిప్సం పులుముతున్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా? దాన్ని ముట్టుకోవద్దని ఇంజనీరు చెప్పలేదూ?"

భవనం ఇంకా కుంగుతోందో లేదో తెలియడానికి ఇంజనీరు ఇంటింటా గోడ పగులు మీద అడ్డంగా జిప్సం పట్టీ వేసి వెళ్ళాడు. ఏ ఒక్కటి చీలినా అందరూ ఖాళీ చేయాల్సిందేనన్నాడు. ఈ మధ్యాహ్నమే చూడడానికి వస్తున్నాడు.

"చీలింది," అన్నాడు షౌకీ ఇటు తిరగకుండానే. "గీకేసి కొత్తది వేస్తున్నా."

"కప్పు నెత్తిన పడితే?"

"ఎక్కడికి పోదామో చెప్పు, ఇప్పుడే మూట కడతా. ఈ అలెగ్జాండ్రియాలో మనకి గది ఇచ్చేవాడెవడు?"

నజాత్ సంచి కింద పెట్టింది. అయినా ఊరుకోలేకపోయింది.

"తక్కినవాళ్ళ పట్టీలు చెక్కుచెదరలేదట. చీలింది మనదొక్కటే. దాచిపెట్టి వాళ్ళ ప్రాణాల మీదికి తెస్తామా? ఆయన రాగానే నేనే చెప్పేస్తా."

అంతలో ఎవరో తలుపు తట్టారు. షౌకీ తాపీని వీపు వెనక దాచుకున్నాడు. నజాత్ వెళ్ళి తలుపు తీసింది.

ఇంజనీరు కాదు, నాలుగో అంతస్తు తహానీ. చేతిలో ఖాళీ గిన్నె, వేళ్ళ నిండా తెల్లపొడి.

"మీరు గోడ గీకుతున్న చప్పుడు పైకి వినిపించింది వదినా," అంది నేల చూపులు చూస్తూ. "కాస్త జిప్సం ఉంటే పెడతావా? మాది చాల్లేదు. రెండో అంతస్తు వాళ్ళదీ అయిపోయిందట."

నజాత్ ఆమె వేళ్ళ వంక చూసింది. తర్వాత గిన్నె అందుకుని, నిండా పోసి ఇచ్చింది.

"నీళ్ళు తక్కువ పొయ్యి," అంది. "తొందరగా ఆరుతుంది."